ఆయ్ అంటే అవుననేనా అండీ?

మా కోనసీమ ఒకసారి రాష్ట్రంలోకెల్లా ఎక్కువ దిగులుతో ఉన్న ప్రాంతంగా తేలింది. అది వరదల ఏడాది కాదు, తుపాను ఏడాదీ కాదు. కొబ్బరికి మంచి ధర పలికిన ఏడాది. అలా తేల్చిన పనిలో నా గొంతు ఉంది కాబట్టి అది ఎలా జరిగిందో నేను చెప్పగలను. ఇప్పుడు ఆరోగ్యశాఖలో చేరుతున్న కుర్రవాళ్లు జనాన్ని ఫోన్లలోనే ప్రశ్నలు అడుగుతున్నారు. వాళ్లకి పనికొస్తుందేమోనని రాస్తున్నాను. పనికి రాకపోతే నవ్వుకుంటారు, అదీ నష్టం కాదు.

నా ఉద్యోగం ఆరోగ్య విద్య. కాగితం మీద దానికి చాలా బాధ్యతలున్నాయి. ఆచరణలో జీపుకి మైకు కట్టుకుని ఊళ్లు తిరగడం. బోదకాలు మాత్రలు భోజనం చేశాకే వేసుకోవాలని, కుండీల్లో నీళ్లు నిలవ ఉంచవద్దని, ఆదివారం పోలియో చుక్కలని చెప్పుకుంటూ సర్వీసంతా గడిపాను. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. మైకు మేష్టారు అనేవారు. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. మైకులో కూడా అందరినీ అండీ అని పిలిచే మనిషిని ఇంకేమనాలో వాళ్లకి తోచి ఉండదు.

రిటైరవడానికి ఏడాది ఉందనగా మా ఆవిడ పోయింది. సెలవు పూర్తికాకుండానే ఆఫీసుకి వచ్చేశాను. ఇంట్లో చదువుకోవడానికి పుస్తకాలు చాలానే ఉన్నాయి గానీ, తెరిచిన పేజీనే మళ్లీ మళ్లీ చదువుతున్నానని గమనించాను. ఆఫీసులో ఫైళ్లు ఎలాగూ అలాగే చదువుతాం కాబట్టి అక్కడ తేడా తెలియదు.

అప్పటికి అమలాపురం ఆసుపత్రిలో ఒక సలహా గది ఉండేది. మనసు బాగోనివాళ్లు వచ్చి మాట్లాడుకోవడానికి. అందులో కాంట్రాక్టు మీద ఒక అమ్మాయిని వేశారు. రాజోలు వైపు ఆవిడే. మనస్తత్వశాస్త్రం చదివింది, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డురాకుండా వినగలదు. మా శాఖలో ఆ రెండో అర్హత అరుదు. గది బయట పసుపు రంగు బోర్డు మీద నల్ల అక్షరాలతో ‘మానసిక సమస్యల కౌన్సిలర్’ అని రాయించారు. పై వరుసలో అక్షరాలు ఇరుక్కున్నాయి. కింద కౌన్సిలర్ అన్నది మాత్రం పెద్దగా, గేటు దాకా కనబడేలా ఉండేది. దాంతో జనం రావడమైతే వచ్చారు.

“మా సందులో వీధిలైటు ఎలగట్లేదండి. తవరు ఓ మాట చెప్తే అయిపోద్దండి.”

“నేను ఆ కౌన్సిలర్‌ని కాదండి. మనసు బాగోకపోతే నాతో మాట్లాడొచ్చండి.”

“ఆయ్. లైటు లేకే మనసు బాగోట్లేదండి.”

ఆమె మునిసిపాలిటీకి ఫోన్ చేసింది. లైటు వెలిగింది. తెరిచిన మూడు నెలల్లో ఆ గది సాధించిన ఫలితం అదొక్కటేనని మా సూపరింటెండెంట్ గారు నివేదికలో రాయబోతే నేను ఆపాను. నిజంగా మాట్లాడవలసినవాళ్లు రాలేదు. బోర్డు చూసి రాలేదు. పక్కనే బీపీ చూసే గది, ఎదురుగా దంతాల గది. ఆ వరండాలో నిలబడితే ఊళ్లోవాళ్లు ఎవరో ఒకరు తగులుతారు. పన్ను పీకించుకున్నానని చెప్పుకోవచ్చు. మనసు చూపించుకున్నానని ఎవరితో చెప్పుకుంటారు?

పైనుంచి కాగితం వచ్చింది. గదికి రోగులు లేరు కనుక ఈ ప్రాంతంలో అవసరం లేదని భావించి ఆర్థిక సంవత్సరం చివర మూసివేయడమైనది, గదిని పాత మంచాలు పెట్టుకోవడానికి వాడుకోవచ్చు అని. ‘మూసివేయడమైనది’ అని ముందే రాసి, అభ్యంతరాలుంటే తెలపమన్నారు. ఆ అమ్మాయి కాగితం చదివి, “మేష్టారండి, అవసరం లేదని ఎవరికి తెలిసిందంటారు?” అంది.

సరిగ్గా అప్పుడే ఒక వైద్య కళాశాల ప్రొఫెసరు గారు ఫోన్ అధ్యయనం మొదలుపెట్టారు. ఆయన ఆలోచన తేలికైనది. ఆసుపత్రికి వచ్చినవాళ్లని లెక్కపెడితే రానివాళ్ల సంగతి తెలియదు. అందుకని ఒక లింకు తయారుచేసి వాట్సాప్‌లో అందరికీ పంపుతారు. నొక్కినవాళ్లని ఫోనే ప్రశ్నలు అడుగుతుంది. చదువుకున్నవాళ్లు టైపు చేయవచ్చు, రానివాళ్లు నోటితో చెప్పవచ్చు. పేరక్కర్లేదు, ఊరు చాలు. ఇంకా ఏం అడగాలో, ఏం కావాలో చివర్లో వాళ్లే చెప్పవచ్చు. జనం రోగులుగా కాక పనిలో భాగస్థులుగా ఉంటారని ఆయన అన్నారు. ఎక్కడ దిగులు ఉందని తేలితే అక్కడ సలహా గదులు నిలుస్తాయి. ఆ మాట వినగానే ఆ అమ్మాయి నా వైపు చూసింది. మా గదికి అది ఆఖరి దారి.

ప్రశ్నలు చదవడానికి తెలిసిన గొంతు కావాలన్నారు. నన్నే పెట్టారు. వాళ్లు పంపిన ప్రశ్న ఇలా ఉంది: ‘గత రెండు వారాలుగా మీరు నిరుత్సాహానికి లోనయ్యారా?’ చదివి చూసుకుంటే పోలీసు స్టేషనులో అడిగినట్టుంది. ప్రొఫెసరు గారి అనుమతితో మార్చాను. “నమస్కారం అండీ. ఈ రెండు వారాల్లో మనసు దిగులుగా ఉంటోందా అండీ? రాత్రిపూట నిద్ర పట్టడం కష్టంగా ఉందా అండీ? ఇదివరకు ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి తగ్గిందా అండీ?” అంతా మా పద్ధతిలో. విన్నవాళ్లందరూ చాలా మర్యాదగా ఉందన్నారు. చిక్కంతా అక్కడే ఉందని అప్పుడు ఎవరికీ తోచలేదు.

లింకు పంపిన మొదటి వారం ఎవరూ నొక్కలేదు. జవాబుగా గులాబీపువ్వులు, శుభోదయాలు వచ్చాయి. నొక్కితే ఫోనులో వైరస్ దూరుతుందని ఒక గ్రూపులో ఎవరో హెచ్చరించారు. రెండో వారంలో ఉన్నట్టుండి జనం విరుచుకుపడ్డారు. మేం సంతోషించాం. కారణం తర్వాత తెలిసింది. రొయ్యల చెరువుల వాళ్ల గ్రూపులో ఒక పెద్దమనిషి మా లింకుని, ‘ఇది నొక్కితే రేపటి రేటు తెలుస్తుంది’ అని రాసి ముందుకు పంపించాడు. పొరపాటునో, సరదాకో. రేటు కోసం వచ్చినవాళ్లు నా ప్రశ్నలు విని, చివర్లోనైనా రేటు చెబుతానేమోనని ఓపిగ్గా జవాబులు చెప్పి వెళ్లారు. మనసు దిగులుగా ఉంటోందా అండీ అన్నదానికి ఒకాయన, “రేటు చెప్పండి, అప్పుడు చెప్తానండి” అన్నాడు. శాస్త్రీయంగా చూస్తే అంతకంటే సరైన జవాబు లేదని ప్రొఫెసరు గారు తర్వాత ఒప్పుకున్నారు.

తర్వాత మామూలు జనం కూడా వచ్చారు. పేరు చెప్పవద్దని నేను చెప్పాను. వాళ్లు ఇంటిపేరుతో సహా చెప్పారు. కొందరు ప్రశ్న అయ్యేదాకా ఆగలేదు. “మైకు మేష్టారు గారా అండి? బాగున్నారా అండి? మా మనవరాలి ఓణీల ఫంక్షను, తవరు తప్పకుండా రావాలండి.” ఎక్కువమంది మాత్రం ప్రతి ప్రశ్నకీ చక్కగా ఒకటే మాట చెప్పారు. “ఆయ్.”

ఇతర ప్రాంతాల పాఠకుల కోసం ఒక్క మాట. ఆయ్ అనేది మా గోదావరి మాట. అవునని అర్థం. అలాగేనని అర్థం. వింటున్నాను చెప్పండి అని అర్థం. మీరు పెద్దవారు, మీతో నాకు వాదమెందుకు అనీ అర్థం. ఎదుటివాళ్లు అండీ అంటే మేం ఆయ్ అనకుండా ఉండలేం.

వచ్చిన గొంతుల్ని అవును, కాదు అని విడగొట్టే యంత్రాన్ని తయారుచేసింది కడప వైపు అమ్మాయి ఒకరు. ఆమెకి ఈ ఆయ్ అన్నది ఏమిటో తెలియలేదు. తెలియనిదాన్ని ఊహించకుండా, మా ఆఫీసుకి ఫోన్ చేసి అడిగింది. అడగడం సరైన పని. ఫోన్ తీసింది మా సూపరింటెండెంట్ గారు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే మాకూ ఆలస్యంగానే తెలిసింది.

ఫలితాలు వచ్చాయి. రాష్ట్రం పటంలో దిగులు ఎక్కువున్న చోట ముదురు ఎరుపు. మా కోనసీమ నల్లగా మాడిపోయి ఉంది. అంత ఎరుపు యంత్రంలో లేదట.

సూపరింటెండెంట్ గారికి గర్వపడాలో భయపడాలో తెలియలేదు. “రాష్ట్రంలో ఫస్టండి,” అన్నారు. సలహా గది అమ్మాయి మాత్రం పటాన్ని చాలాసేపు చూసి, “ఇంతమంది ఉన్నారా అండి? మరి ఒక్కరూ రాలేదేంటండి?” అంది. గది నిలుస్తుందన్న ఆశ ఆమె ముఖంలో తెలుస్తోంది. దాని వెనక అనుమానం కూడా.

ప్రొఫెసరు గారు స్వయంగా వచ్చారు. కడప అమ్మాయినీ వెంట తెచ్చారు. ఆ రోజు పొద్దున్నే జీపులో బయలుదేరాం. ముందు సీట్లో ప్రొఫెసరు గారు, వెనక ఇద్దరు అమ్మాయిలూ, సూపరింటెండెంట్ గారూ, నేనూ మోకాళ్లు తగులుతూ. డ్రైవరు మా శాఖ పాత డ్రైవరే, నా మైకు జీపు నడిపినవాడు.

మొదట పలివెల. ఆలయం దాటాక ఒక రైతు ఇంటి ముందు ఆగాం. రావడం రావడం కొబ్బరిబొండాలు కొట్టించారు. తాగేలోపు పొట్టిక్కలు వచ్చాయి. పనసాకు దొన్నెలో ఉడికిన ఇడ్లీ అది. దాని మీద నెయ్యి, పక్కన రెండు రకాల పచ్చళ్లు. ప్రొఫెసరు గారు తింటూ మెల్లిగా నాతో అన్నారు. “ఇంత దిగులున్న ప్రాంతంలో ఇలా పెడతారా?”

సలహా గది అమ్మాయి విన్నది. “దిగులున్న ఇంట్లోనే ఎక్కువ పెడతారండి, ఒక్కోసారి,” అంది. ప్రొఫెసరు గారు దొన్నె కింద పెట్టి ఆమెవంక చూశారు.

తిన్నాక ఆయన ఇంటి యజమానిని అరుగు మీద కూర్చోబెట్టి అడిగారు.

“మీకు రాత్రిపూట నిద్ర బాగా పడుతోందా అండీ?”

“ఆయ్.”

రాసుకున్నారు. కొంచెం ఆగి మళ్లీ అడిగారు. “నిద్ర పట్టడం కష్టంగా ఉందా అండీ?”

“ఆయ్.”

“అయ్యా, ఈ రెండింట్లో ఏది నిజం?”

ఆయన కండువా సర్దుకున్నాడు. “తవరు పెద్దోరు. అంత దూరం నించి వచ్చేరు. రెండూ తవరే అడిగేరు. ఒకదానికి ఆయ్ అని, రెండోదానికి కాదంటే బాగుంటదా అండి?”

ప్రొఫెసరు గారు కలం మూత పెట్టారు. కడప అమ్మాయి నేల చూపులు చూస్తోంది. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

అక్కణ్ణించి రావులపాలెం మీదుగా వంతెన దాటి కపిలేశ్వరపురం వైపు వెళ్తున్నాం. ప్రొఫెసరు గారు డ్రైవరుతో అన్నారు.

“ఎక్కడైనా టీ తాగుదామా?”

“ఆయ్.”

ఒక టీకొట్టు వెళ్లిపోయింది. ఇంకొకటి వెళ్లిపోయింది. మూడోది కూడా వెనక్కి వెళ్లిపోతుంటే ఆయన తల తిప్పి చూశారు.

“ఏమయ్యా, టీ తాగుదామన్నాను కదా?”

“ఆయ్.”

“మరి ఆపలేదేం?”

డ్రైవరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. “ఆపమనలేదు కదండీ! తాగుదామా అన్నారు. ఆయ్ అన్నానండి.”

ప్రొఫెసరు గారు ముందుకే చూస్తూ, ఎవరినీ ప్రత్యేకించి అడగకుండా అన్నారు. “మీ వైపు ఆయ్ అంటే అవునని కాదా?”

వెనక సీట్లోంచి కడప అమ్మాయి గొంతు వినబడింది. “సార్, నేను అడిగినాను సార్. ఊరికే రాసెయ్యలేదు. ఈ ఆఫీసుకే ఫోన్ చేసి అడిగినాను.”

“ఏమని?”

“ఆయ్ అంటే అవుననేనా అండీ అని.”

“ఏమన్నారు?”

“ఆయ్ అన్నారు సార్.”

నేను సూపరింటెండెంట్ గారి వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. ఆయన కిటికీలోంచి కొబ్బరి తోటల్ని జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు. “అమ్మా, నువ్వేదో అడుగుతున్నావు, వింటున్నానని అన్నాను,” అన్నారు కాసేపటికి. “తర్వాత అసలు సంగతి చెబుతావనుకున్నాను. నువ్వు థ్యాంక్స్ చెప్పి పెట్టేశావు.”

ప్రొఫెసరు గారు నవ్వడం మొదలుపెట్టారు. ఆయన భుజాలు కదలడం వెనక నుంచి మాకు కనబడింది. మేమూ నవ్వాం. డ్రైవరు ఎందుకు నవ్వుతున్నామో తెలియకపోయినా మర్యాదకి నవ్వాడు. అప్పుడు, అడగకుండానే, ఒక టీకొట్టు ముందు ఆపాడు.

నవ్వనిది ఒక్క సలహా గది అమ్మాయే. టీ గ్లాసు పట్టుకుని అడిగింది. “సార్, అయితే మా సమాచారం ఏం చేస్తారండి?”

ప్రొఫెసరు గారు నవ్వు ఆపారు. “పక్కన పెట్టాలమ్మా. ఏ ఆయ్ దిగులో, ఏ ఆయ్ మర్యాదో తెలియకుండా వాడకూడదు.”

“పక్కన పెడితే ఇక్కడ దిగులు లేనట్టే రాస్తారు కదండి.”

“లేదని రాయం. తెలియదని రాస్తాం.”

“గది మూసేవాళ్లకి ఆ రెండూ ఒకటేనండి.”

టీకొట్టులో పాల మీద మీగడ తీస్తున్న మనిషి కూడా చేతులు ఆపాడు. ఆ అమ్మాయి గ్లాసు బల్ల మీద పెట్టింది.

“అన్ని ఆయ్‌లూ ఒకటి కాదండి. మీకు రాతలో ఒకటిగా కనబడతాయి. వింటే తెలుస్తుందండి. మా అమ్మ ఫోన్లో ఆయ్ అంటే ఆవిడ కూర మాడ్చిందో, కళ్లు తుడుచుకుందో నాకు తెలుస్తుంది.”

“మీకు తెలిస్తే చాలదు. మీకు గది నిలవాలని ఉంది. మీ చెవి అటే వంగుతుంది.” ఆయన మొహమాటం లేకుండా అన్నారు. అది నాకు నచ్చింది. “ఇద్దరు వినాలి. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, విడివిడిగా. ఇద్దరూ ఒకటే చెబితే నమ్ముతాను. రెండోవారు ఎవరు?”

అందరూ నా వైపు చూశారు. సర్వీసంతా నేను మాట్లాడుతుంటే జనం విన్నారు. వాళ్లు మాట్లాడితే నేను విన్నది తక్కువ. ఒప్పుకున్నాను.

నెలాఖరు దాకా గడువు. ఆ గదిలోనే కూర్చున్నాం. ఎటూ ఎవరూ రారు కాబట్టి. మధ్యలో బట్టతెర, అటు సలహా గది అమ్మాయి, ఇటు నేను. చెవులకి హెడ్‌ఫోన్లు. విన్న ప్రతి ఆయ్ పక్కన దిగులు, మర్యాద, తేలనిది అని మూడింట్లో ఒకటి రాయాలి. పేర్లు, ఇంటిపేర్లు వచ్చినచోట కడప అమ్మాయి ముందే కత్తిరించి పంపేది. సూపరింటెండెంట్ గారు కూడా సాయం చేస్తానని ఒక పూట కూర్చున్నారు. ఆయన విన్న ప్రతిదానికీ ‘మర్యాద’ అని రాశారు. ఆయన అనే ఆయ్ అదొక్కటే మరి.

మొదట్లో నాకు తేడా తెలియలేదు. రెండో రోజుకి చెవి తెరుచుకుంది. నా ప్రశ్న పూర్తి కాకముందే వచ్చే ఆయ్ ఉంది. అది ప్రశ్నకి కాదు, అండీకి. పలక మీద సుద్దతో గీసినట్టు పొట్టిగా ఉంటుంది. వదిలించుకునే ఆయ్ సాగుతుంది, వెనక గిన్నెల చప్పుడుంటుంది. రొయ్యల రేటు కోసం వచ్చినవాళ్ల ఆయ్‌లో తొందర ఉంటుంది. దింపు తీసే ఒకాయన కొబ్బరిచెట్టు మీద నుంచే జవాబిచ్చాడు. కమ్మల గలగల మధ్య ఆయన ఆయ్ అని అరిస్తే, కింద నుంచి ఎవరో, “ఎవరితోరా మాట్లాడతన్నావు, ముందు గెల దించు!” అన్నారు. తెర అవతల ఆమె కూడా అదే విన్నట్టుంది, నవ్వు వినబడింది. మాట్లాడుకోకూడదన్నారు గానీ నవ్వుకోకూడదనలేదు.

మరొక ఆయ్ ఉంది. అది వెంటనే రాదు. నా ప్రశ్న అయిపోతుంది. ఫోనులో ఊపిరి తప్ప ఏమీ ఉండదు. పెట్టేశారేమో అనుకుంటాం. అప్పుడు, కిందనుంచి తోడినట్టు, చిన్నగా వస్తుంది. ఒక ఆడమనిషి, గోదావరి మధ్య లంక ఊళ్లలో ఒకదాని పేరు చెప్పింది, నిద్ర గురించి అడిగినదానికి అలా ఆయ్ అని, కొంచెం ఆగి, “అడిగేరండి మీరన్నా,” అంది. అంతే. నేను వినడం ఆపాను, తెర అవతల కలం చప్పుడు కూడా ఆగిపోవడంతో ఆమె కూడా ఆపిందని తెలిసింది.

చివర్లో ‘మీకేం కావాలో చెప్పండి’ అన్నచోట చాలామంది గుక్క తిప్పుకోకుండా మాట్లాడారు. అందులో పదేపదే వచ్చిన మాట ఒకటుంది. “రావాలనే ఉందండి. ఆ బోర్డు కింద నిలబడితే మా తోటికోడలు చూస్తదండి.” తోటికోడలి స్థానంలో ఆడపడుచు, వియ్యపురాలు, పక్కింటాయన మారుతుండేవారు. బోర్డు మాత్రం మారలేదు.

గడువు దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం ఆఖరి విడత వింటున్నాం. ఆ వేళ ఉక్కగా ఉందని తెర తీసి కట్టేశాం. ఒకరి కాగితం ఒకరికి కనబడకుండా అడ్డంగా ఫైళ్లు పెట్టుకున్నాం. నాకొక ముసలావిడ గొంతు వచ్చింది. రికార్డు చేసిన నా గొంతు మొదటి ప్రశ్న అడిగింది. ఆమె జవాబు చెప్పలేదు.

“మైకు మేష్టారు గారు కదండి? తవరి గొంతు ఎప్పుడన్నా మర్చిపోతామా! అదేంటండి, అంత నీరసంగా ఉంది గొంతు? అమ్మగారు పోయేరంట కదండి. ఇప్పుడే తెలిసిందండి మాకు. వేళకి తింటన్నారా బాబుగారూ?”

రికార్డింగులో నా గొంతు పట్టించుకోకుండా రెండో ప్రశ్న అడిగింది. రాత్రిపూట నిద్ర పట్టడం కష్టంగా ఉందా అండీ?

“నా సంగతికేం గానండి. తవరికి పడతందా?”

“ఆయ్,” అన్నాను.

పైకే అన్నానని, ఎదురుగా ఆ అమ్మాయి తలెత్తి చూసేదాకా నాకు తెలియలేదు. ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

“మేష్టారండి, అది ఏ రకం ఆయ్ అండి?”

నేను హెడ్‌ఫోన్ల తీగ చిక్కు తీస్తున్నట్టు కాసేపు గడిపాను. “తేలనివాటిలో వెయ్యమ్మా,” అన్నాను. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. కలం తీసుకుని మళ్లీ వినడం మొదలుపెట్టింది. అడ్డురాకుండా వినగలదని ముందే చెప్పాను.

ప్రొఫెసరు గారు మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఒక పూటంతా చూశారు. మేం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఆ అమ్మాయి కలం మూత తీస్తోంది, పెడుతోంది. బీపీ గది నర్సు వచ్చి, “ఇద్దరూ అలా ఉన్నారు, రండి, ఓసారి చూస్తాను,” అని పిలిచింది కూడా. తలుపు తెరుచుకున్నాక ఆయన, “మీరిద్దరూ నిజంగా మాట్లాడుకోలేదా?” అని అడిగారు. దాదాపు అంతటా మా చెవులు ఒకటే చెప్పాయి. మర్యాద ఆయ్‌లు తీసేస్తే పటంలో మా నలుపు పోయింది. మామూలు ఎరుపు మిగిలింది, అన్ని ప్రాంతాల్లాగే. గది నిలవడానికి అది చాలు. రాష్ట్రంలో ఫస్టు పోయినందుకు సూపరింటెండెంట్ గారు కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

ప్రశ్నలు మార్చారు. ఆయ్‌తో జవాబు చెప్పడానికి కుదరనివి పెట్టారు. నిద్ర పడుతోందా అని కాక, రాత్రి ఎలా గడిచిందో చెప్పండి అని. మిగతా జిల్లాల్లో కూడా అవే వాడుతున్నారని విన్నాను. కడప అమ్మాయి ఆ మధ్య ఫోన్ చేసి, తను వాళ్లమ్మతో ఆయ్ అంటోందని, వాళ్లమ్మ కంగారు పడుతోందని చెప్పింది.

గదికి బోర్డు తీయించారు. జనం అడిగారు, జనమే భాగస్థులన్నారు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. పేరు లేని గది అయింది. బీపీ గదికి వచ్చినవాళ్లలో కొందరు లేచి, ఎటు వెళ్తున్నారో ఎవరికీ పట్టనట్టు ఆ తలుపు తోసుకుని వెళ్లడం నేను చూశాను. లంక ఊరి ఆవిడ వచ్చిందో లేదో తెలియదు. వచ్చినా గొంతు గుర్తుపట్టనట్టే ఉండాలి. వీధిలైటు ఆయన మాత్రం వచ్చాడు. ఈసారి లైటు గురించి కాదు.

నేను రిటైరైన రోజు శాలువా కప్పారు, సూపరింటెండెంట్ గారు మాట్లాడారు. ఇక మైకు మేష్టారు ఇంట్లో హాయిగా పుస్తకాలు చదువుకోవచ్చన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రం సంచీ పట్టుకుని వరండాలోంచి వెళ్తుంటే పేరు లేని గది తలుపు తెరిచి ఉంది. ఆమె గుమ్మంలోకి వచ్చింది.

“వెళ్లిపోతున్నారా మేష్టారండి?”

“వెళ్తున్నానమ్మా.”

“తేలనివాటిలో ఒకటి అలాగే ఉండిపోయిందండి.” నా వైపు కాక వరండా వైపు చూస్తూ అంది. “లోపలికొచ్చి టీ తాగుతారా అండి?”

“ఆయ్,” అన్నాను.

ఆమె కదల్లేదు. నేను ఆగుతానో, కపిలేశ్వరపురం రోడ్డు మీద డ్రైవరులా సాగిపోతానో అని చూస్తోంది.

సంచీ గోడ పక్కన పెట్టి, చెప్పులు విడిచి, లోపలికి వెళ్లి కూర్చున్నాను.